బొట్టు సారు

బొట్టు సారు ఇంటికి వెళితే మంచినీళ్ల కంటే ముందు స్క్రూడ్రైవర్ వస్తుంది. "జర ఇది పట్టుకోండి, ఒక్క నిమిషం" అంటారు. పట్టుకున్నామంటే ఆ సాయంత్రం అయిపోయినట్టే.

అడిక్‌మెట్ ఫ్లైఓవర్ దిగి సందులోకి తిరిగితే కింద జిరాక్స్ షాపు, పైన గ్రూప్స్‌కి చదివే పిల్లల రూములు, మధ్య అంతస్తులో సారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద మాత్రం ఉంటుంది. పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల కీబోర్డు నడిమధ్యన, జీ, హెచ్, బీ అక్షరాలు కలిసే చోట ఎర్రటి రబ్బరు చుక్క ఒకటుంటుంది. దాని మహత్యం సారు నోట వినకుండా తప్పించుకున్నవాడు ఆ సందులో లేడు. అందుకని రూముల పిల్లలు బొట్టు సారు అన్నారు, అదే స్థిరపడింది. ఆయనకీ తెలుసు. కోపమేం లేదు. పైగా, "బొట్టులో మూడు రకాలు ఉంటాయి తెలుసా?" అని మళ్లీ మొదలుపెడతారు. మూడు రకాలూ పాత జండూబామ్ సీసాలో దాచి ఉంటాయి.

యూనివర్సిటీ చుట్టుపక్కల పేటకొకరు చొప్పున ఇలాంటి మనుషులున్నారు. తార్నాకలో ఇద్దరున్నట్టు నాకు తెలుసు. వాళ్లిద్దరికీ మాటల్లేవు, ఒకే మదర్‌బోర్డు దగ్గర తేడా వచ్చింది. పాత స్కూటర్లు దాచుకునేవాళ్లతో మనకి పేచీ ఉండదు. ఆదివారం తుడుస్తారు, ఫోటో తీసుకుంటారు, గుడ్డ కప్పేస్తారు. వీళ్లు అలా కాదు. దాని మీద పని చేస్తామంటారు. చిక్కంతా అక్కడే.

సారుకి ఉన్న పని పీహెచ్‌డీ. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక సంపాదకీయాల మీద. పగలు ప్రైవేటు కాలేజీలో పాఠాలు, రాత్రి థీసిస్ అని సంకల్పం. థీసిస్ మూడో అధ్యాయంలో ఉంది. అది మూడో అధ్యాయంలోకి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో ర్యామ్ నాలుగు జీబీ. ఇప్పుడు పదహారు. అధ్యాయం మాత్రం మూడే. మధ్యలో ఒకసారి సీమోస్ బ్యాటరీ అయిపోయి, మెషీన్ ఎప్పటిదో పాత తేదీ చూపించింది. సారు ఆ తేదీ వంక చాలాసేపు చూశారు. "రిజిస్ట్రేషన్ సెక్షన్‌లో కంప్యూటర్లకి కూడా ఇట్లనే అయితే మంచిగుండు" అన్నారు.

బల్ల మీద స్పైరల్ బైండింగ్ చేసిన లావుపాటి పుస్తకం ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు అది థీసిస్ అనుకుని రెండు చేతులా అందుకుంటారు. అది ఆ మోడల్ విప్పే విధానం చెప్పే మాన్యువల్. ఏ స్క్రూ ఎక్కడిది, ఏ పొడవుది, ఏది ముందు తీయాలి, ఏది తర్వాత, అంతా బొమ్మలతో కంపెనీవాళ్లే ఎవరైనా చూసుకొమ్మని పెట్టారు. సారు కింది షాపులో రెండువైపులా జిరాక్స్ తీయించారు. "మొత్తం విప్పడానికి ఒక్క ప్లస్ స్క్రూడ్రైవర్ చాలు. ఇప్పటి వాటిల్లో బ్యాటరీ గమ్ముతో అతికిస్తున్నరు, ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేస్తున్నరు. మన వస్తువే, మనమే విప్పలేం. ఇదేం న్యాయం?" అంటారు. ఈ ఒక్క మాట దగ్గర నేను ఆయన పక్షమే. మిగతా వాదనలు వినడానికి టీ అవసరమవుతుంది.

ఆ వాదనలు 1992లో మొదలవుతాయి. ఐబీఎం వాళ్లకి రిచర్డ్ సాపర్ అనే డిజైనర్ జపాన్ భోజనం డబ్బా స్ఫూర్తితో నల్లగా, నలుచదరంగా, మూత తెరిస్తేగాని లోపల ఏముందో తెలియకుండా గీసిచ్చాడు. 1993లో హబుల్ టెలిస్కోపుని బాగుచేయడానికి వెళ్లిన ఎండీవర్ నౌకలో అదే వంశపుది వెళ్లింది. 2005లో ఆ వ్యాపారం లెనోవో చేతికి వెళ్లింది. దాన్నీ సారు క్షమించారు. క్షమించనిది 2012. అప్పటిదాకా ఏడు వరసలున్న కీబోర్డుని ఆ ఏడాది మోడళ్లలో ఆరు వరసలు చేసి, మీటల్ని బిళ్లల్లా మార్చారు. సారు చరిత్రని 2012కి ముందు, 2012 తర్వాత అనే విడగొడతారు. తనది 2011 మోడల్ టీ420. హైటెక్ సిటీలో ఏదో కంపెనీ వాడి వదిలేస్తే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే మన సీటీసీకి చేరింది. అక్కణ్నుంచి సారు ఒళ్లోకి.

ఇక బొట్టు. దాన్ని కనిపెట్టిన టెడ్ సెల్కర్ ఎక్కడో చదివాడట, టైపు చేస్తున్న చెయ్యి మౌస్ దగ్గరికి వెళ్లడానికి ముప్పావు సెకను పడుతుందని. చెయ్యి కదలకుండానే బాణం కదిలితే ఆ ముప్పావు సెకను మిగులుతుంది కదా అని అతని ఆలోచన. సారు ఇన్నేళ్లుగా ఆ ముప్పావు సెకన్లు పొదుపు చేస్తూనే ఉన్నారు. ఎక్కడ దాచారో మాత్రం వాళ్లావిడకి అంతు చిక్కలేదు.

అప్‌గ్రేడు అనేది ఒకటితో ఆగేది కాదు. ర్యామ్ పెంచితే హార్డ్‌డిస్క్ నెమ్మదిగా ఉన్నట్టు తోచింది, ఎస్ఎస్‌డీ వేశారు. అది వేగంగా పనిచేసేసరికి ప్రాసెసర్ వెనకబడింది. టీ420లో ప్రాసెసర్ సాకెట్లో కూర్చుంటుంది, ఊడదీసి ఇంకోటి పెట్టొచ్చు. పెట్టారు. నాలుగు కోర్ల ఐ7. దానికి వేడెక్కువ. ఫ్యాను విమానంలా లేస్తుంటే పేస్టు మార్చారు. మార్చడానికి విప్పినప్పుడు తెర కూడా పాతబడినట్టు కనిపించింది. మంచి తెర వేశాక అక్షరాలు చిన్నవైపోయాయి, సారుకి కళ్లద్దాలు మారాయి. అవి కూడా ఆ ఖాతాలోనే రాసుకున్నారు, పాయింట్ రెండుకి అప్‌గ్రేడు అని.

వైఫై కార్డు సంగతి వేరే చెప్పాలి. కొత్త కార్డు వేసి మీట నొక్కితే మెషీను లేవలేదు. నల్లటి తెర మీద 1802 అని నంబరు, అనుమతి లేని కార్డు దూర్చారు, ఆపేసి తీసెయ్యండి అని హుకుం. ఈ మోడళ్ల బయాస్‌లో ఒక జాబితా ఉంటుంది. అందులో పేరున్న కార్డులకే ప్రవేశం. "అంటే నాన్ బోర్డర్‌ని పట్టుకున్నట్టే కదా సార్" అన్నాడు పై రూమ్ కుర్రాడు. ఓయూ హాస్టళ్లలో ఒకరి పేరు మీద గది, దాంట్లో ఇంకొందరు తలదాచుకోవడం తెలియని వాళ్లకి ఈ పోలిక అందదు. సారు మాత్రం కదిలిపోయారు. తనూ ఒకప్పుడు నాన్ బోర్డరే. ఆ రాత్రంతా కూర్చుని బయాస్‌లో జాబితాయే లేకుండా చేసి, కార్డుకి గది ఇప్పించారు. తెల్లారి చూస్తే ఇంట్లో నెట్ రావడం లేదు. నెల బిల్లు కట్టలేదట.

విడిభాగాల కోసం సారు వెళ్లేది సీటీసీకి. విద్యానగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజ్, సీతాఫల్‌మండి, ఆపైన సికింద్రాబాద్. ఓసారి నేనూ తోడు వెళ్లాను. బండి కదిలిందో లేదో ఫోన్ మోగింది. సారు ఫోన్ చెవి దగ్గర పనిచేయదు, స్పీకర్లోనే మాట్లాడాలి. ఫోన్ మీద అప్‌గ్రేడు సారుకి గిట్టదు.

"సార్, మీ డెడ్ బాడీ దొరికింది" అన్నాడు షాపు కుర్రాడు, బోగీ అంతటికీ వినపడేలా.

ఎదుటి సీట్లో కూరగాయల సంచితో ఉన్న పెద్దావిడ ఉలిక్కిపడింది.

"ఎట్లున్నది తమ్మీ?"

"మదర్ పోయింది సార్. గని బాడీ మస్తుంది, ఒక్క గీత పడలే. జల్ది రాండ్రి, రేపటిదాంక ఉంచలేను. మీరొద్దంటే పార్టులు పార్టులు తీసి అమ్మేస్త."

"వద్దొద్దు, ఎవరితోని ముట్టనియ్యకు. నేనొచ్చి నా చేత్తో తెరుస్త. మెడకాడ పట్టుకొని లేపకు, విరుగుతది."

ఫోన్ పెట్టేశాక పెద్దావిడ చెమ్మగిల్లిన కళ్లతో అడిగింది: "మీ అమ్మనా బిడ్డా?"

సారు ధ్యాస ఇంకా బాడీ మీదే ఉంది. "కాదమ్మా, ఇది నాలుగోది. ఇంట్ల మంచం కింద మూడున్నయి" అన్నారు.

సీతాఫల్‌మండిలో ఆవిడ దిగలేదు గానీ, సంచి తీసుకుని బోగీ ఆ చివరికి వెళ్లిపోయింది.

ఇలాంటి మనిషిని లొంగదీసేది ఇంకా పాత మనిషే. తార్నాకలో ఒక పెద్దాయన ఉన్నారు, ఈసీఐఎల్‌లో రిటైరైనవారు. సారు ఓ సాయంత్రం తన టీ420ని సంచీలోంచి తీసి, "పాతది సార్, 2011" అని వినయంగా గర్వపడబోయారు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, "పాతదా? మా సంస్థ పుట్టింది 67లో. 69కల్లా టీడీసీ-12 అని మన దేశపు కంప్యూటర్ తయారైంది. బీరువాలంత ఉండేవి అప్పటివి. పేపర్ టేపు పెట్టి నడిపేవాళ్లం. టీడీసీ-316 దాకా చూశాను. నీ దగ్గర ఉన్నది క్యాలిక్యులేటర్ నాయనా" అన్నారు. తిరుగు ప్రయాణంలో సారు ఒక్క మాట మాట్లాడలేదు. అడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కాక మాత్రం, "ఆ పేపర్ టేపు రీడరు ఎక్కడన్నా దొరుకుతదంటారా?" అన్నారు.

పరీక్షల ఫలితాలొచ్చి, ఇంజినీరింగ్ సీట్లు ఖాయమయ్యే రోజుల్లో సారుకి గిరాకీ. ఏ ల్యాప్‌టాప్ కొనాలని తండ్రీకొడుకులు జంటగా వస్తారు. సారు 2012కి ముందుది ఏదైనా పర్వాలేదంటారు. ధర విని తండ్రి మొహం విచ్చుకుంటుంది, కొడుకు మొహం వాడుతుంది. పిల్లవాడు గేముల మాట ఎత్తితే సారు మూత పైన ఉన్న బుల్లి దీపం వెలిగించి చూపిస్తారు. కరెంటు పోయినా కీబోర్డు మీద వెలుగు పడుతుందన్నమాట. దానికి ఆ పిల్లవాడు ఏమనాలి?

అసలు నేను ఈ మనిషిని నవ్వులాటకే తీసుకున్నాను, మొన్నమొన్నటి దాకా. తార్నాక నుంచి ఒక లెక్చరరమ్మ వచ్చేదాకా. ఆవిడ 2003లో ఇచ్చిన థీసిస్, జానపద స్త్రీల పాటల మీద, ఇప్పుడు పుస్తకంగా వేద్దామని. ఉన్నది ఒక్క సీడీ. అందులో ఫైలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో. తెలుగు యూనికోడ్ ఇంకా మన డీటీపీ సెంటర్ల గడప తొక్కని రోజులవి. ఇప్పటి కంప్యూటర్‌లో ఆ రాత పరిస్థితి మీకు తెలిసే ఉంటుంది. అక్షరాల చోట డాలర్లు, చుక్కలు, తలకిందులైన ప్రశ్నార్థకాలు. ఆవిడ నలుగురిని అడిగింది. నలుగురూ మళ్లీ టైపు చేయించమన్నారు.

సారు సీడీని వెలుతురుకి ఎత్తి చూశారు. ల్యాప్‌టాప్ పక్కనుంచి గొళ్లెం జరిపి, రెండో హార్డ్‌డిస్క్ ఉన్న తట్ట బయటికి లాగారు. వంటింట్లో పప్పుల డబ్బాల వెనక నుంచి డీవీడీ డ్రైవు తెచ్చి ఆ కంతలోకి తోశారు. టక్కుమంది. స్క్రూడ్రైవర్ కూడా అడగలేదు. తర్వాత విండోస్ ఎక్స్‌పీ లేచింది. 2014లోనే మైక్రోసాఫ్ట్ చేతులు దులుపుకున్న ఎక్స్‌పీ, నెట్ తగలకుండా ఒక మూల గదిలో పెట్టి పోషిస్తున్నారు. అను వచ్చింది, పేజ్‌మేకర్ వచ్చింది. ఎడమవైపు మీటల మీద అక్షరాలు అరిగి నున్నగా ఉన్నాయి. సారు చూపుడువేలు బొట్టు మీదికి వెళ్లింది. రబ్బరు బోడిదైపోయి మెరుస్తోంది. బాణం మెల్లగా పాకింది. ఫైలు తెరుచుకుంది.

వత్తులు, ఫుట్‌నోట్లు, అరసున్నాలు, అన్నీ ఉన్నాయి. ఆవిడ తెర దగ్గరికి వంగి ఒక పాట కూనిరాగం తీసింది. సారు వాళ్లావిడ టీతో పాటు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చారు. ఆ గదిలోకి బిస్కెట్లు రావడం నేను చూడలేదెప్పుడూ. ఆవిడ మొదటిసారి ఆ నల్ల డబ్బా వంక కాస్త మర్యాదగా చూశారు.

పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని లేవబోతూ, లెక్చరరమ్మ సంతోషంలో ఒక మాట అనేసింది: "మా గైడుగారి దగ్గర ఒక డబ్బా నిండా ఫ్లాపీలున్నాయి సార్. పాపం, ఎవరూ తెరవలేకపోయారు."

"ఫ్లాపీలా?" సారు వెన్ను నిటారైంది. "ఫ్లాపీలంటే ఇది పనికిరాదు మేడం. టీ20 కావాలె. 2000 మోడల్. దాంట్ల ఈ కంతలోనే ఫ్లాపీ డ్రైవు కూసుంటది."

"యూఎస్‌బీకి పెట్టుకునే ఫ్లాపీ డ్రైవులు విడిగా దొరుకుతాయట కదండీ?"

"వినపడ్డదా?" అన్నారు సారు వాళ్లావిడ, బిస్కెట్ల ప్లేటు వెనక్కి తీసుకుంటూ. "విడిగ దొరుకుతదంట."

సారు అప్పటికే ఫోన్ కలిపేశారు. స్పీకర్లోనే. "తమ్మీ, నేనే. ఇంకో బాడీ కావాలె. ఈసారి మదర్ బతికున్నదే చూడు."