అయిదు అణువుల ఆక్సిజన్

ప్రొపేన్ మండే సమీకరణాన్ని ట్యూషన్‌లో పదో తరగతి పిల్లల చేత ఏళ్ల తరబడి తుల్యం చేయించాను. ముందు కార్బన్ చూడండి, తర్వాత హైడ్రోజన్, ఆక్సిజన్‌ను చివరికి ఉంచండి. ఫార్ములాలో కింది అంకెను ముట్టుకోవద్దు, ముందుండే గుణకాన్నే మార్చండి. ఒక ప్రొపేన్ అణువుకు అయిదు ఆక్సిజన్ అణువులు. వచ్చేవి మూడు కార్బన్ డయాక్సైడ్, నాలుగు నీరు. రెండు వైపులా పరమాణువులు సరిపోతే మార్కులు పడతాయి. నాకు అక్కడితో పాఠం అయిపోయేది.

"ఆ అయిదు దొరక్కపోతే ఏమైతది సార్?" అని ఒకమ్మాయి అడిగింది. "పరీక్షలో అట్ల అడగరమ్మా" అని తర్వాతి లెక్కకు పోయాను.

బోరబండలో మాది 60 గజాల ఇల్లు. మూడు వైపులా పక్కవాళ్ల గోడలే. బాత్రూమ్ మెట్ల కింద, గ్యాస్ గీజర్ అందులోనే. చలిగాలి వస్తోందని వెంటిలేటర్‌లో పాత పేపర్లు మడిచి కుక్కింది నేనే. నీలంగా ఉండాల్సిన మంట పసుపుపచ్చగా లేచేది, గీజర్ రేకు మీద మసి పట్టింది. రెండూ కళ్లారా చూశాను. మా ఆవిడ స్నానం చేసి వచ్చి "తల దిమ్ముగా ఉందండీ" అంటే, పరగడుపున స్నానం చేస్తే అంతేనన్నాను. ఒక పొద్దున తలుపు గడియ తీసి గుమ్మంలోనే కూలబడింది. డాక్టరు అడిగిన మొదటి మాట, "గ్యాస్ గీజరా?"

మన సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమే. 44 గ్రాముల ప్రొపేన్‌కు 160 గ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే కిలో గ్యాస్ మండడానికి 15 కిలోలకు పైగా గాలి. పేపర్లు కుక్కిన గదికి అంత గాలి ఎక్కడిది? రెండు ప్రొపేన్ అణువులకు పది ఆక్సిజన్ అణువులు అందాల్సిన చోట ఏడే అందితే, ఆరు కార్బన్ మోనాక్సైడ్, ఎనిమిది నీటి అణువులు వస్తాయి. లెక్కపెట్టి చూడండి, ఇదీ తుల్య సమీకరణమే. 1789లో లావోయిజర్ పుస్తకంలో రాసిన ద్రవ్య నిత్యత్వం మా బాత్రూమ్‌లోనూ తప్పలేదు. మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇదంతా నాకు తెలియని చదువు కాదు. తెలిసీ నా ఇంటి మంటకు ఆ లెక్క వేసి చూడలేదు.

ఆమె కోలుకుంది. ఇప్పుడు బోర్డు మీద రెండు సమీకరణాలూ రాస్తున్నాను. మీ గ్యాస్ గీజర్ స్నానాల గదిలోనే ఉంటే వెంటనే బయటి గోడకు మార్పించండి. అప్పటిదాకా బకెట్లు నింపుకుని, మంట ఆర్పి, గదిలోకి గాలి రానిచ్చాకే తలుపు వేసుకోండి.