పూస లేని స్తోత్రం

నన్ను ఏ ఊళ్ళో గుచ్చారో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికి గుణదల కొండ కింద ఒక కొట్లో కొక్కేనికి వేలాడుతున్నాను. 1924లో ఆర్లాటి ఫాదరుగారు అక్కడ మరియమాత స్వరూపాన్ని నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళు. కొండ దిగొచ్చిన ఒక ముసలమ్మ గీచి గీచి బేరమాడి నన్ను కొన్నది. గుంటూరు పక్క పల్లె ఆమెది. మిరపకాయ కోతలకు కూలికి పోతుంది.

నేను జపమాలను. నాకు 59 పూసలు. చిన్నవి 53, వాటి మీద మంగళవార్త జపం. పెద్దవి ఆరు, వాటి మీద పరలోక జపం. త్రిత్వస్తోత్రానికి మాత్రం విడిగా పూస లేదు. పది మంగళవార్తలు కాగానే వేళ్ళు ఒట్టి తీగ మీదికి జారతాయి. పిత, పుత్ర, పవిత్రాత్మలకు మహిమ చెప్పుకునేది అక్కడే. పరలోక జపంలో రోజూ తిండి అడుగుతారు, మంగళవార్తలో మా కోసం వేడుకోమని తల్లిని అడుగుతారు. ఈ స్తోత్రంలో అడిగేదేమీ లేదు.

పూర్వం మఠాల్లో సన్యాసులు 150 కీర్తనలు పాడి, ఒక్కో కీర్తన చివర ఈ స్తోత్రం చెప్పేవారు. చదువురాని జనం కీర్తనలకు బదులు 150 మంగళవార్తలు చెప్పుకున్నారు. మా ముసలమ్మకూ చదువు రాదు, అందుకే ఈ సంగతి నాకు ఇష్టం.

తపస్సుకాలంలో ఆదివారం పూజలో మహిమాగీతం పాడరు. నా దగ్గర ఆ సెలవు లేదు. మంగళ, శుక్రవారాల్లో క్రీస్తు శ్రమలను తలచుకునే దుఃఖ దేవరహస్యాలు. కొరడా దెబ్బల తర్వాత స్తోత్రమే, సిలువ మరణం తర్వాతా స్తోత్రమే.

2021లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేసింది. కోతల్లేవు, కూలి లేదు. కౌలుకు చేసిన కొడుకు తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఆ రాత్రి పదో పూస దాటి తీగ దగ్గరికి రాగానే ముసలమ్మ వేళ్ళు ఆగిపోయాయి. బొటనవేలి గోటితో తీగను గీకింది. "నీకేం, నీకెప్పుడూ మహిమే" అని గొణిగి, విసురుగా, బాకీ తీర్చేసినట్టు చెప్పేసింది. చెప్పడం మాత్రం మానలేదు. భక్తి పుస్తకాల్లో రాసే ప్రశాంతత కన్నా నాకు ఆ విసురే నిజమైన స్తుతి అనిపించింది.

సంతోష రహస్యాల రోజు గొంతు మారుతుంది. రెండోది మరియమ్మ ఎలిజబేతమ్మను చూడబోయిన ఘట్టం. ఆ తల్లి అక్కడ పాడిన పాటలో ఆకలిగొన్నవాళ్ళ కడుపు నిండుతుంది, కలిగినవాళ్ళు ఉత్త చేతులతో పోతారు. లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. పూజలో విన్న ఆ ముక్క మా ముసలమ్మ పొలం గట్టు మీద తోటి కూలీలకు చెప్పి నవ్వుతుంది.

మనవరాలు అడిగింది: "నాయనమ్మా, స్తోత్రానికి పూసేదే?"

"పూస దేనికే? చెయ్యి ఖాళీ అయినప్పుడల్లా చెప్పుకోవచ్చు."

అన్నట్టే కాయలు కోసి గంప దించినప్పుడు, అన్నం వార్చినప్పుడు నేను చేతిలో లేకుండానే చెప్పుకుంటుంది.

గుణదల వస్తే జపమాల కొనేటప్పుడు పూసల రంగు చూసి మోసపోకండి. పూసకీ పూసకీ మధ్య తీగను లాగి చూడండి. ముందు తెగేది అదే.