ప్రాసెసర్ ఆఖర్న కొనండి

ఇంట్లో సొంతంగా కంప్యూటర్ బిగించుకోవాలని ఉబలాటపడే పిల్లలు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళు చూసే వీడియోలన్నీ ఒకే వరస చెబుతాయి. ముందు ప్రాసెసర్, తర్వాత గ్రాఫిక్స్ కార్డు, ఆ తర్వాత బోర్డు, ర్యామ్, చివర్లో మిగిలిన చిల్లరతో కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎమ్‌పీఎస్, యూపీఎస్. ఆ వరస బెంగళూరు అపార్టుమెంటుకి సరిపోతుంది. వజ్రపుకొత్తూరుకి, సోంపేటకి, కవిటికి సరిపోదు. నేను చెప్పబోయేది తలకిందుల సలహాలా అనిపిస్తుందని తెలుసు. అయినా చెబుతున్నాను. గోడమీది ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి లోపలికి రండి. ప్రాసెసర్ ఆఖర్న కొనండి. ఈ తీరంలో కంప్యూటర్లు ఉప్పుగాలికి, కరెంటుకి, దుమ్ముకి, తుపానుకి పోతాయి. పాతబడేదాకా బతికేవి తక్కువ.

కాబట్టి మొదటి ఖర్చు ఎర్తింగ్.

"డబ్బా ముట్టుకుంటే జుమ్మంతంది" అనే మాట కంప్యూటర్ ఉన్న ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. చెప్పులేసుకుని కూర్చోమంటారు, కాళ్ళకింద చెక్క వేస్తారు, అంతటితో మరిచిపోతారు. అసలు జరిగేది ఇది. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల కరెంటుని వడకట్టడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజుకీ క్యాబినెట్ బాడీకీ మధ్య, రెండోది న్యూట్రల్‌కీ బాడీకీ మధ్య. ఎర్తు సరిగ్గా ఉంటే వాటి గుండా వచ్చే కొద్దిపాటి లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే బాడీ మీద 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు నిలిచిపోతాయి. టెస్టర్ పెడితే ఎర్రగా వెలుగుతుంది. లీకయ్యే కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జుమ్మనడంతో సరిపోతుంది. అదే డబ్బాకి టీవీ వైరో ప్రింటరో తగిలించినప్పుడు మాత్రం ఆ వోల్టేజీ తేడా యూఎస్‌బీ, హెచ్‌డీఎమ్‌ఐ పోర్టుల గుండా పోయి వాటిని కాల్చేస్తుంది. లోపల ఎప్పుడైనా వైరు తొడుగు పోయి ఫేజు నేరుగా బాడీకి తగిలితే పోయేది పోర్టు కాదు, ప్రాణం.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో చూపించుకోండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత వస్తుందో ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. అంకెలు సరిపోయాయని అక్కడితో ఆగకండి. కొన్ని ఇళ్ళలో స్విచ్‌బోర్డు లోపల మూడో పిన్నుని న్యూట్రల్‌కి కలిపేసి ఎర్తింగ్ ఉందనిపిస్తారు. మీటరు కూడా మోసపోతుంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే డబ్బా మొత్తం ఫేజు అవుతుంది. అందుకే ఎర్తు వైరు గోడ దాటి పెరట్లో ఏ గుంతలోకి దిగుతోందో కళ్ళారా చూడండి.

గుంత ఎక్కడ తీయాలన్నది ఇక్కడ ఇంకా ముఖ్యం. మన నేల ఇసుక నేల. తడిగా ఉన్నంతసేపు ఫర్వాలేదు, ఎండిన ఇసుక మాత్రం కరెంటుని భూమిలోకి పోనివ్వదు. రెండున్నర, మూడు మీటర్ల జీఐ పైపు దించి చుట్టూ బొగ్గు, ఉప్పు నింపే పాత పద్ధతి చాలు. గుంతని మాత్రం స్నానాల గది నీళ్ళు పారే వైపో, కొబ్బరిచెట్లకి నీళ్ళు పెట్టే చోటో తీయించండి. ఏప్రిల్, మే నెలల్లో అప్పుడప్పుడు రెండు బిందెలు పోయండి. పైపుకి వైరు బిగించిన క్లాంపు ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. ఏడాదికోసారి గీకి మళ్ళీ బిగించాలి. గ్రాఫిక్స్ కార్డు ఖర్చుతో పోలిస్తే చిన్న పని ఇది. దీన్ని వాయిదా వేసి కంప్యూటర్ కొనడాన్ని నేను ఒప్పుకోను.

రెండో ఖర్చు ఎస్‌ఎమ్‌పీఎస్. దుకాణంలో వాట్లు అడగకండి, పెట్టె పక్కనున్న లేబుల్ తిప్పి చదవండి. 'ఇన్‌పుట్ 200–240' అని ఉంటే పక్కన పెట్టేయండి. 'ఇన్‌పుట్ 100–240' అని ఉన్నదే కావాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, లైను చివర ఉన్న ఊళ్ళలో సాయంత్రం మోటార్లన్నీ ఆడేవేళ వోల్టేజీ పడిపోయి ఫ్యాన్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది. అప్పుడు మొదటి రకం రీస్టార్ట్ అవుతుంది, రెండోది పని చేసుకుంటూ పోతుంది. యూపీఎస్ సంగతికొస్తే, ఇంట్లో ఇప్పటికే ఇన్వర్టర్ ఉంటే కొత్తది కొనేముందు దాని వెనక చూడండి. చాలా ఇన్వర్టర్లకి అక్కడ ఒక చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని 'యూపీఎస్' వైపు తిప్పితే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారే సమయం బాగా తగ్గుతుంది. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ ఆ కొన్ని మిల్లీసెకన్లు తట్టుకుంటుంది. ఇన్వర్టర్ సైన్‌వేవ్ రకమై ఉండాలి. స్క్వేర్‌వేవ్ అయితే ఫ్యాన్లు గుంయ్ మంటాయి, ఎస్‌ఎమ్‌పీఎస్ ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది కూడా.

మూడోది గాలి. పిల్లలకి అద్దాల క్యాబినెట్ కావాలి, లోపల రంగు దీపాలు కావాలి. ఆ ముచ్చట నాకు అర్థమవుతుంది. కానీ ముందువైపు అద్దం ఉన్న క్యాబినెట్‌కి ఊపిరాడదు. మా వైపు మేలో ఉక్కపోత ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ముందువైపు జల్లెడలా రంధ్రాలున్నది తీసుకోండి. గాలి లోపలికి లాగే ఫ్యాన్లు రెండు, బయటికి తోసేది ఒకటి పెట్టండి. లోపల గాలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటే సందుల్లోంచి దుమ్ము చొరబడదు. లాగే ఫ్యాన్ల ముందు కిటికీలకి కొట్టే దోమల మెష్ ముక్క కత్తిరించి అతికించండి, పదిహేను రోజులకోసారి తీసి కడగండి. పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్ళు వారానికోసారి చేయాలి. గింజల్ని కాల్చినప్పుడు వచ్చే పొగలో జీడినూనె ఉంటుంది. అది ఫ్యాన్ రెక్కల మీద జిగురులా పేరుకుని, దుమ్మునంతా పట్టి ఉంచుతుంది. ఆ పొరని ఊదితే పోదు. రెక్కల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవాలి.

ఉప్పు సంగతి వేరు. కంటికి కనబడదు. వాడకుండా జాగ్రత్తగా గుడ్డ కప్పి దాచిన కంప్యూటరే ముందు పాడవుతుంది. వానాకాలంలో చల్లబడిన డబ్బాలో తేమ చేరుతుంది. తేమలో ఉప్పు కరిగి ర్యామ్ కాళ్ళ మీద, స్లాట్ల మీద కూర్చుంటుంది. ఒకరోజు ఫ్యాన్లు తిరుగుతుంటాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు బోర్డు పోయిందనుకుంటారు. ప్లగ్గు పీకి, ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్ళని తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి మళ్ళీ నొక్కి పెడితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. అసలు తేమే చేరకుండా, పరీక్షలైనా పెళ్ళిళ్ళైనా రోజూ గంటసేపు ఆన్ చేసి ఉంచండి. దాని సొంత వేడే దాన్ని పొడిగా ఉంచుతుంది. అమ్మ ప్రేమగా కుట్టిన కవర్ వేడి పూర్తిగా ఆరాకే వేయండి.

ఇక ప్రాసెసర్, బోర్డు. ఇంత ఖర్చయ్యాక మిగిలిన డబ్బుతో ఏది వస్తే అది చాలు. నేనైతే మొదటి కంప్యూటర్‌కి కొత్తదే అక్కర్లేదంటాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ ఎనిమిదో తరమో ఆపైదో కావాలి. అందుకని ఆఫీసుల నుంచి ఆరో, ఏడో తరం డబ్బాలు సెకండ్‌హ్యాండ్ బజారులోకి వచ్చాయి. విశాఖలోనో, సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో వెతకండి. అలాంటిది ఒకటి తెచ్చి పూర్తిగా విప్పండి, మళ్ళీ బిగించండి, లైనక్స్ వేయండి. తప్పులు చేయడానికి అంత చవకైన బడి ఇంకొకటి లేదు. ఒక్క హెచ్చరిక. పెద్ద కంపెనీల ఆఫీసు డబ్బాల్లో ఎస్‌ఎమ్‌పీఎస్ పిన్నులు, బోర్డు కొలతలు వాటి సొంతవి, మామూలు భాగాలు అందులో పట్టకపోవచ్చు. ముందుముందు భాగాలు మారుస్తూ పెంచుకోవాలనుకుంటే ఏఎమ్‌డీ వాళ్ళ ఏఎమ్4 సాకెట్ ఉన్న బోర్డు మంచిది. మొదటి రైజెన్ 2017లో ఆ సాకెట్‌తోనే వచ్చింది, 2021లో వచ్చిన 5600జీ కూడా అందులోనే కూర్చుంటుంది. 5600జీకి గ్రాఫిక్స్ లోపలే ఉంది, వేరే కార్డు కొనక్కర్లేదు. ఇవన్నీ ఒకేసారి కొనాలని లేదు. డయాలసిస్‌కి తిరిగే పెద్దవాళ్ళున్న ఇళ్ళు ఉద్దానంలో ఎన్నో. ఇంటి డబ్బు ముందు అటే పోవాలి. ఇంటి పరిస్థితి చూసుకుని ఏడాదికో భాగం కొనుక్కోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

బిగించే రోజున తెల్లవారుజామున లేవండి. వీడియోల్లో స్టాటిక్ కరెంటు గురించి భయపెడతారు, చేతికి పట్టీ కట్టుకోమంటారు. ఎడారి గాలిలో, ఏసీ గదిలో అది నిజమే. మన తేమ గాలిలో ఆ భయం తక్కువ, ఎర్తున్న ఇనుప క్యాబినెట్‌ని ఒకసారి ముట్టుకుని పని మొదలుపెడితే చాలు. ఇక్కడ అసలు శత్రువు చెమట. నుదుటి మీంచి సాకెట్‌లోకి రాలిన ఒక్క చుక్క ఉప్పునీటి చుక్కే. తలకి తువ్వాలు కట్టుకోండి, చేతులు తుడుచుకుంటూ ఉండండి, బోర్డుని అంచులు పట్టుకునే ఎత్తండి. ఇంకో మాట, క్యాబినెట్‌లో బిగించేముందు అంతా బయటే పెట్టి ఆన్ చేసి చూడండి. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద బోర్డు పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ మాత్రం తగిలించండి. పవర్ స్విచ్ పిన్నులు రెంటినీ స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలపండి. ఫ్యాన్ తిరిగి తెర మీద అక్షరాలు వస్తే అప్పుడే క్యాబినెట్‌లో బిగించండి. బోర్డు చుట్టి వచ్చిన వెండిరంగు సంచి మీద మాత్రం పెట్టకండి. దాని పైపొర గుండా కరెంటు పారుతుంది.

లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా, ఇంగ్లిష్ టైపింగ్ కంటే ముందు తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోమంటాను. ఉద్యోగాలకి ఇంగ్లిష్ కదా అంటారు. ఇంగ్లిష్ ఎలాగూ వస్తుంది, బడి నేర్పుతుంది. ఇన్‌స్క్రిప్ట్ విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ ముందే ఉంటుంది, సెట్టింగుల్లో తెలుగు కలుపుకుంటే చాలు. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. ఆ అమరిక భారతీయ లిపులన్నిటికీ ఒకటే. తెలుగులో 'క' ఎక్కడుందో ఒడియాలో 'క' కూడా అక్కడే. ఇచ్ఛాపురం, మందస, పలాసల్లో ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలు ఎందరో ఉన్నారు. ఒక్కసారి వేళ్ళకి అలవాటైతే రెండు భాషలూ రాస్తారు. అక్షరాల కోసం 'గిడుగు' ఫాంటు దింపుకోండి, ఉచితం. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ వాడుక భాష కోసం, సవర భాష కోసం జీవితాన్ని ధారపోసిన గిడుగు రామమూర్తి పేరు అది. మన జిల్లా మనిషి పేరున్న అక్షరాలు మన పిల్లల తెర మీద ఉండాలి. అద్దంలోంచి కనబడే రంగు దీపాల కంటే అదే మంచి అలంకారం.

చివరిది తుపాను. ఇది మాత్రం వాయిదా వేయడానికి వీల్లేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి, ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మళ్ళీ రాదని ఎవరూ అనలేరు. అందుకే ఫైళ్ళు దాచుకోవడానికి వేగం తక్కువైనా రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోండి, దాన్ని సులువుగా చేతికందే చోట బిగించండి. ఎన్‌వీఎమ్‌ఈ వేగం నిజమే, కానీ అది బోర్డుకి అతుక్కుని, ఒక్కోసారి కూలర్ కింద దాక్కుని ఉంటుంది. గాలి మొదలయ్యాక దాన్ని వెతుక్కుంటూ కూర్చోలేం. హెచ్చరిక వచ్చిన రోజే ప్లగ్గు, నెట్ వైరు, టీవీ వైరు అన్నీ పీకేయండి, స్విచ్ కట్టేసి ఊరుకోవద్దు. పిడుగు నెట్ వైరు గుండా కూడా వస్తుంది. డబ్బా పూర్తిగా చల్లారాక పాలిథిన్‌లో చుట్టి అటక మీద పెట్టండి. ఎస్‌ఎస్‌డీ మాత్రం తీసి రేషన్ కార్డు, భూమి కాగితాల సంచిలోనే వేసుకుని తుపాను షెల్టర్‌కి వెళ్ళండి.

పిల్లల మార్కుల జాబితాలు, అమ్మ ఆసుపత్రి రిపోర్టులు, పెళ్ళి ఫోటోలు ఇంట్లో ఒక్క డిస్కులోనే ఉంటే అవి ఉన్నట్టు కాదు. హైదరాబాదులోనో, చెన్నైలోనో, విశాఖలోనో చిన్నాన్నో మేనమామో లేని ఇల్లు ఉద్దానంలో అరుదు. దసరాకి వాళ్ళు ఊరొచ్చినప్పుడు ఒక చిన్న హార్డ్‌డిస్కులో అన్నీ కాపీ చేసి వాళ్ళ చేతికివ్వండి. ఏటా ఆ పని చేయండి.