జీడీ బుక్కు గోడు

నన్ను జీడీ బుక్కంటారు. పూర్తి పేరు జనరల్ డైరీ. పోలీసు చట్టం నన్ను పుట్టించింది. కోనసీమలో ఓ స్టేషన్లో రైటరు గారి బల్ల మీద ఉండేదాన్ని. ఫిర్యాదైనా అరెస్టైనా ఏ గంటకు జరిగితే ఆ గంటకే నాలో ఎక్కాలి. పట్టుకున్న మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచారా లేదా అన్నదానికి నేనే సాక్షిని. అది నాకెంతో గర్వం.

తప్పులు నాకు కొత్త కాదు. తుఫాను బందోబస్తు చేసొచ్చిన కానిస్టేబులొకడు నిద్రకళ్లతో నిన్నటి తేదీ వేశాడు. తెల్లారాక చూసుకుని, కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. దాన్ని నేను పొరపాటనే అంటాను.

కొబ్బరి దింపు కూలీ విషయంలో జరిగింది పొరపాటు కాదు. దొంగతనం కేసని శనివారం సాయంత్రం జీపులో తెచ్చారు. నాలో ఒక్క ముక్క రాయలేదు. ఆదివారం రైటరుతో "నాలుగు గీతలు వదిలెయ్, తర్వాత చూద్దాం" అన్నారు. మధ్యాహ్నం అతని భార్య అన్నం క్యారేజీతో వచ్చి "మా ఆయన్ని ఎందుకు తీసుకొచ్చారండీ బాబూ?" అంటే, సెంట్రీ "ఇక్కడెవరూ లేరమ్మా" అన్నాడు. లోపలి గదిలో అతని మూలుగు నాకు వినపడుతూనే ఉంది. సోమవారం ఆ ఖాళీ నింపారు: "ఆదివారం మధ్యాహ్నం బస్టాండు వద్ద అనుమానాస్పదంగా తిరుగుతుండగా..." పైనా కిందా నీలం సిరా, మధ్యలో నలుపు. నాలుగు గీతల్లో ఆరు వరసలు ఇరికించారు. కోర్టులో మాత్రం అది రికార్డు రాయడంలో జరిగిన చిన్న లోపమన్నారు. ఖాళీ ముందే వదిలిపెట్టాక అది లోపమెలా అవుతుంది?

ఇలా నలిగినవాడు ఆ కూలీ ఒక్కడే కాదు. ఆయేషా మీరా హత్యకేసు సంగతి కానిస్టేబుళ్లు పేపరు చదువుతుంటే విన్నాను. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో హత్య జరిగింది. మరుసటి ఏడు సత్యంబాబు అనే యువకుణ్ణి అరెస్టు చేశారు, 2010లో జీవితఖైదు పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషని తేల్చింది, లక్ష రూపాయలిమ్మంది, దర్యాప్తు చేసిన పోలీసులపై చర్య తీసుకోమంది. అప్పటికి అతను అరెస్టయి 8 ఏళ్లు దాటిపోయాయి. మా కోనసీమ ఖైదీలు వెళ్లే రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచే అతనూ బయటికొచ్చాడు. తర్వాత చూస్తే విజయవాడ కోర్టులో ఆ కేసు సాక్ష్యాధారాలే నాశనమైపోయాయి. 2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

ఆ వార్త విన్నప్పుడు నేను మెట్ల కింద గోనెసంచిలో ఉన్నాను. నా పేజీలు నిండగానే అక్కడ పడేశారు. ప్రతి వానాకాలం గోడ చెమ్మ నాలోకి దిగుతుంది. అట్టను చెదలు తినేశాయి, మొదటి పేజీలు ముద్దయిపోయాయి. ప్లీడరు గారు నన్ను తెప్పించమని అడిగితే, వెతికినా దొరకలేదని జవాబిచ్చారు. నా కోసం సంచి విప్పినవాళ్లెవరూ లేరు. ఆ ఆరు వరసలు మాత్రం ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఆ నలుపు సిరా ఎవరి చేతిదో, ఎవరు రాయమంటే పడిందో తేల్చమని అడుగుతున్నాను.