డబ్బా తల్లికి దండం

తల్లీ, బరువు తగ్గుతామని మేం తాగే పొడి డబ్బా! వర్ని మండలానికి ఇంతకాలం మంజీర నదే తల్లి అనుకున్నాం. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువ కింద వరి పండించాం, చెరుకు వేశాం, బోధన్ శక్కర్ ఫ్యాక్టరీకి బండ్లు తోలాం. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చక్కెర చేసే చోటు పోయింది, తీపి తిన్న పొట్టలు మిగిలాయి. వాటికోసమే నువ్వు అవతరించావు. నీ ఒక్క గ్లాసు ఖరీదుకు కిలో చక్కెర వస్తుంది. మా చెరుకు రైతు ఎన్ని ధర్నాలు చేసినా ఆ గౌరవం దక్కించుకోలేకపోయాడు.

నీ వైద్యం ఎంత సులువు! పొద్దున ఇడ్లీ మానేసి నిన్ను తాగాలి, రాత్రి అన్నం మానేసి మళ్లీ నిన్నే తాగాలి, మధ్యలో గంటసేపు నడవాలి, మిఠాయి ముట్టకూడదు. ఇంత చేశాక రెండు కిలోలు తగ్గితే అది నీ చలవ. మాడిన కడుపుకు, నడిచిన కాళ్లకు అందులో వాటా లేదు. తగ్గకపోతే తప్పు నీది కాదు. నిన్ను అమ్మే కోచ్ ఇట్టే పట్టేస్తాడు: "మొన్న పెండ్లిల బగారన్నం తిన్నరా మేడమ్?" తిన్నమాట నిజమే. వర్నిలో పెండ్లికి పోయి బగారన్నం ముట్టని భక్తురాలు ఎక్కడుంది? ఫలిస్తే మహిమ, ఫలించకపోతే భక్తిలో లోపం. ఏ గుడిలో దేవుడికీ ఈ ఏర్పాటు ఇంత పక్కాగా కుదరలేదు.

నీ చుట్టాలూ సామాన్యులు కారు. మలబార్ చింత తరతరాలుగా కేరళ చేపల పులుసులో ఉంది. అక్కడ దాన్నెవరూ బరువు తగ్గించే మందనలేదు. గార్సీనియా అని పేరు మార్చుకొని గుళికలో దూరగానే శక్తి పుట్టింది. 1998లో అమెరికా వైద్యులు 135 మందిని 12 వారాలు పరీక్షించి, దీనికీ ఉత్తుత్తి గుళికకూ తేడా లేదన్నారు. పాపం, నమ్మకం తక్కువ మనుషులు. ఆపిల్ వెనిగర్ చిన్నమ్మను 2024లో లెబనాన్‌లో 120 మందిపై జరిగిన అధ్యయనం ఆకాశానికెత్తింది. 2025లో, లెక్కలు నమ్మదగ్గవి కావని దాన్ని అచ్చేసిన పత్రికే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. సీసాలను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఇక గ్రీన్ టీ గుళికల్లోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములకు చేరితే కాలేయానికి చేటు చేయవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. నడుము మాట వినకపోతే కాలేయాన్నయినా పలకరించే మర్యాద ఇంకెవరికుంది?

నీ నోటి నేర్పు మరీ గొప్పది. స్థూలకాయం కుదురుస్తామని మందులకు ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నాటి చట్టం. నువ్వు మందువు కావని డబ్బా మీదే రాసి ఉంటుంది. తగ్గిస్తాననవు, "ఆరోగ్యకరమైన బరువుకు తోడ్పాటు" అంటావు. మిగతాది అమ్మేవాళ్లు చెవిలో చెబుతారు. చెవిలో చెప్పినదానికి లేబుల్ అక్కర్లేదు.

అన్నిటినీ మించింది నీ దయ. తగ్గనివాళ్లనూ ఉత్తచేతులతో పంపవు, "నీ కింద నలుగురిని చేర్చు" అని వరమిస్తావు. ఇలాంటి వరాలంటే గిట్టకే కాబోలు, న్యూట్రిలైట్ పొడులు అమ్మే ఆమ్‌వే భారత విభాగం అధిపతిని 2014లో కర్నూలు పోలీసులు గొలుసుకట్టు స్కీముల నిషేధ చట్టం కింద అరెస్టు చేశారు. పోషకాహారం సంగతి పోలీసులకేం తెలుసు? మా వీధి అక్కను అడగాల్సింది. తన నడుము తగ్గలేదని తోటికోడలినీ ఆడబిడ్డనూ చేర్చబోయింది. ఆడబిడ్డ డబ్బా పట్టుకుపోయి ఇంకా పైసలియ్యలేదు. తోటికోడలు ఈ వీధి మొహం చూడకుండా రోజూ ఊరు చుట్టి కిరాణా కొట్టుకు పోతోంది. ఆమె మాత్రం కాస్త సన్నబడింది.