రాతిరి చుట్టాలు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

ఆ.వె.
రాతివెంట వచ్చు రాతిరి చుట్టాలు
పగలు కానరారు పలుకబోరు
చంపవలదు ముందు జాతి తెలియకుండ
గాజుతొట్టినేలు ఘనుడ వినుము

ప్రతిపదార్థం: గాజుతొట్టిన్ = అద్దపు పలకలతో కట్టి, ఉప్పునీరు నింపి, పగడాలనూ చేపలనూ పెంచే రీఫ్ అక్వేరియాన్ని; ఏలు = పరిపాలించే; ఘనుడ = ఓ గొప్పవాడా; రాతివెంట = తొట్టిలో పేర్చిన రాతితో పాటు; వచ్చు = వచ్చేవారైన; రాతిరి చుట్టాలు = రాత్రిపూట తిరుగాడే పిలవని ప్రాణులు; పగలు = దీపం వెలిగినంతసేపు; కానరారు = కంటబడరు; పలుకబోరు = తామున్నామని చెప్పరు; జాతి తెలియకుండ = ఏ జాతివో తేల్చుకోకుండా; ముందు = తొందరపడి; చంపవలదు = చంపరాదు; వినుము = ఆలకించు.

తాత్పర్యం: తొట్టి యజమాని కొన్న సరుకు వెంట కొనని ప్రాణులు కూడా వస్తాయి కనుక, వాటిని గుర్తుపట్టిన తరువాతే ఉంచడమో పంపడమో నిర్ణయించాలని భావం.

విశేషాలు: "రాతివెంట" అన్నచోట అది ఏ రాయి అన్న సందేహం కలుగుతుంది. బొర్రా గుహల ఊరి వ్యాఖ్యాత మొదట తన సున్నపురాతినే తలచుకుంటే తప్పుపట్టడానికి లేదు. ఏలనగా ఆ రాయీ, సముద్రంలో పగడం కట్టుకునే గూడూ రెండూ కాల్షియం కార్బొనేటే. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, పలుచని ఆమ్లంగా మారి, అనంతగిరి కొండలోని సున్నపురాతిని కరిగిస్తూ గుహను తొలిచింది. ఆ నీరే గుహ కప్పు నుంచి బొట్టుబొట్టుగా జారేటప్పుడు వాయువును విడిచి, కరిగించిన రాతిని మళ్లీ పేర్చి, పైనుంచి వేలాడే స్టాలక్టైట్లనూ కింది నుంచి లేచే స్టాలగ్మైట్లనూ కట్టింది. పగడం కూడా నీటిలో కరిగి ఉన్న కాల్షియంతోనే ఇల్లు కట్టుకుంటుంది. బొర్రాలో పుట్టిన గోస్థని భీమునిపట్నం దగ్గర కడలిలో కలుస్తుంది కనుక ఈ రెండు రాళ్ల చుట్టరికం బొత్తిగా కల్పన కాదు.

అయినా ఈ అన్వయం నిలవదు. కొండరాతిలో కడలి జీవులుండవన్నది ఒక కారణం. మరొకటి, బొర్రా పరిసర గ్రామాల గనుల లీజులపై నడిచిన సమత కేసులో, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ అలాంటి లీజులివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. కంపెనీలకే దక్కని రాయి తొట్టివానికి దక్కునా? కాబట్టి ఇక్కడ రాయి అంటే అక్వేరియంవారు "లైవ్ రాక్" అనేదే. ఆ రాయికి ప్రాణం లేదు. దాని సందుల్లోని సూక్ష్మజీవులు చేపల వ్యర్థాల నుంచి పుట్టిన అమ్మోనియాను నైట్రైట్‌గానూ, దానిని నైట్రేట్‌గానూ మారుస్తూ నీటిని కాపాడతాయి కనుక ఆ పేరు వచ్చింది. అయితే రీఫ్ కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు కనుక, మన కడలిలోని పగడపు రాతిని ఏరి తెచ్చుకోవడం ఇక్కడ నేరం, చేతితో పోసిన కృత్రిమ శిలే శరణ్యం. మరి చుట్టాలెట్లా వస్తారంటే, పద్యంలోని రాయి ఉపలక్షణం, అనగా ఒకదాని పేరు చెప్పి దానివంటి అన్నింటినీ సూచించడం. నత్తగుల్ల, సముద్రపు నాచు, కొత్తగా తెచ్చిన ఏ ముక్కైనా ఆ మాటలో ఇమిడిపోతుంది.

"రాతిరి" అన్న మాటను బొర్రాలో విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా గబ్బిలాలకు రాత్రే. చీకటిలో దీపం పెడితే పిలవని పచ్చదనం వస్తుందన్నది గుహలను చూపించేవారందరికీ తెలిసిన సంగతి. ఫ్రాన్సులోని లాస్కో గుహను జనానికి తెరిచాక గోడల మీది ప్రాచీన చిత్రాలకు పచ్చని నాచు పట్టడంతో 1963లో మూసివేయవలసి వచ్చింది. గుహలోనూ తొట్టిలోనూ అతిథిని తెచ్చినది యజమానే, నింద మాత్రం అతిథికి. తొట్టి చుట్టాలను చూడగోరేవారు దీపాలార్పిన గంటకు ఎర్రకాగితం చుట్టిన టార్చితో చూడాలి. ఎర్రని వెలుగును ఆ ప్రాణులలో చాలా భాగం పసిగట్టలేవు.

"జాతి తెలియకుండ" అన్నది పద్యానికి ప్రాణం. రాతి సందులోంచి తొంగిచూసే బ్రిసిల్ వర్మ్, అనగా ఒంటి పొడవునా నూగు గల పురుగు, చూడగానే చంపాలనిపించేంత వికారంగా ఉంటుంది, తాకితే గొంగళిలా చేతికి నూగు గుచ్చుతుంది. అయినా వాటిలో ఎక్కువ జాతులు మిగిలిన మేతనూ కుళ్లునూ తిని ఇల్లు ఊడ్చేవే. అందంగా పువ్వులా విచ్చుకునే ఐప్టేసియా అనే చిన్న సీ ఎనిమోన్ మాత్రం పగడాలను కుట్టి చంపుతుంది, పైగా గీకిపారేస్తే అంటుకొని మిగిలిన ముక్క నుంచి మళ్లీ మొలుస్తుంది. దాన్ని తినిపెట్టడానికి పెప్పర్‌మింట్ రొయ్యను తెచ్చుకోవాలి. పీతల సంగతి చూస్తే, పగడపు కొమ్మల మధ్య కాపురముండే ట్రాపీజియా పీత, పగడాన్ని తినవచ్చే ముళ్ల నక్షత్రచేపను గిల్లి తరుముతుంది కనుక దానిని వెళ్లగొట్టడం కావలివాణ్ణి పోగొట్టుకోవడమే. అన్ని చుట్టరికాలూ ఇంత మంచివి కావు. ఇంగ్లండులోని న్యూకీ అక్వేరియంలో పగడాలు ముక్కలై కనిపిస్తుంటే 2009లో రాళ్లన్నీ తీసి వెతికినవారికి నాలుగడుగుల సముద్రపు పురుగు దొరికింది. దానిని కూడా చంపలేదు, వేరే తొట్టికి మార్చారు. వేరుకాపురం పెట్టించడమనే ఈ పద్ధతికి ఇళ్లలో చిన్న పక్కతొట్టి చాలు. లవణం, వేడి పెద్ద తొట్టిలో ఉన్నట్టే ఉండాలి, దాక్కోవడానికి ఒక రాయి ఉండాలి.

"ఘనుడ" అన్న సంబోధనలో వెటకారం ఉందని కొందరంటారు, లేదనడానికి ఆధారం లేదు. చివరగా "కనుము" అనక "వినుము" అనడంలో ఔచిత్యముంది. మాంటిస్ రొయ్య రాతి బొరియలో దాగి, సుత్తిలాంటి ముందుకాళ్లతో నత్తగుల్లలు పగలగొట్టేటప్పుడు పుట్టే "టక్" మన్న చప్పుడు, అది కంటబడడానికి ఎన్నో రోజుల ముందే తొట్టి బయటికి వినిపిస్తుంది. అట్లని చప్పుడు వినగానే చేయెత్తరాదు. ఒక పెద్ద డెక్కను చిటికెలా చిటపటలాడించే పిస్టల్ రొయ్య కూడా అదే విధంగా మోగుతుంది, వాటిలో కొన్ని జాతులు గోబీ చేపతో ఒకే బొరియలో సఖ్యంగా బతికే సాధుజీవులు.