ఎర్రగుడి బండ వాంగ్మూలం

సువర్ణగిరి అంటే మా జొన్నగిరే అని ఈ చుట్టుపక్కల ఊళ్ళలో గట్టి నమ్మకం. గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారి పక్కన, ఎర్రగుడి గుట్ట మీద ఉన్న బండను నేను. నా మీదా, నా పక్కనున్న బండల మీదా అశోకుడి శాసనాలు ఉన్నాయి కాబట్టి ఆ నమ్మకానికి నన్నే సాక్షిగా నిలబెడుతుంటారు. సాక్షి అన్నాక తనకు తెలిసినంతే చెప్పాలి. దక్షిణాదిలో మౌర్యుల పాలన సువర్ణగిరి నుంచి సాగిందన్నది నిజమే. అది జొన్నగిరే అని తేల్చే అక్షరం మాత్రం నా మీద ఒక్కటీ లేదు. నేను రుజువు చేయగలిగింది వేరొకటి ఉంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఈ తుగ్గలి, పత్తికొండ నేల సామ్రాజ్యం మరిచిపోయిన మూల కాదు. రాజోద్యోగులు దిగి పనిచేసిన చోటు. రాజధాని పేరు కోసం జరిగే వాదులాటలో ఈ సంగతి మరుగున పడింది.

ముందు ఆ పేరు సంగతే చూద్దాం. సువర్ణగిరి పేరు కనిపించేది కర్ణాటకలోని బ్రహ్మగిరి, సిద్దాపుర, జటింగ రామేశ్వర శాసనాల్లో. వాటిని 1892లో బి.ఎల్. రైస్ వెలుగులోకి తెచ్చాడు. సువర్ణగిరిలో ఉన్న రాజకుమారుడు, అక్కడి మహామాత్రులనే పెద్ద ఉద్యోగులు కలిసి ఇసిల అనే ఊరి మహామాత్రులను కుశలమడిగి, ఆపైన రాజాజ్ఞ వినిపించినట్టు వాటిలో ఉంది. నా మీద అలాంటి పలకరింపు లేదు, రాజు మాట నేరుగా మొదలవుతుంది. జొన్నగిరి పక్షం వాళ్ళకు ఇది మంచి ఆధారంగా కనిపిస్తుంది: సువర్ణగిరి పక్కనే ఉన్న బండకు సువర్ణగిరి నుంచి ఉత్తరం ఎందుకు, అని. వినడానికి బాగానే ఉంది. కానీ కర్ణాటకలోనే ఉన్న మస్కి శాసనంలోనూ ఆ పలకరింపు లేదు. రెండో పోటీదారైన కనకగిరి ఆ మస్కి పక్కనే ఉంది. పేరులో బంగారం రెండు ఊళ్ళకూ ఉంది, నేలలో బంగారం రెండు చోట్లా ఉంది, దగ్గర్లో అశోకుడి శాసనం రెంటికీ ఉంది. ఒకే సాక్ష్యం రెండు పక్షాలకూ సమానంగా పనికొస్తుంటే దానితో తగువు తీరదు.

ఇక నా సొంత సాక్ష్యం. నా మీదున్న రెండో చిన్న శాసనం చదివితే ఒక కచేరీ పనిచేసే తీరు కళ్ళకు కడుతుంది. మహామాత్రులు నేల కొలతలు చూసే రజ్జుకులకు చెప్పాలి. రజ్జుకులు భేరి మోగించి జనపదానికి, స్థానిక అధికారులైన రాష్ట్రికులకు చాటాలి. చాటవలసింది పెద్ద వేదాంతమేమీ కాదు: తల్లిదండ్రుల మాట వినండి, పెద్దలను గౌరవించండి, ప్రాణులను దయగా చూడండి, నిజం చెప్పండి. అక్కడితో ఆగకుండా ఏనుగులెక్కేవాళ్ళకు, లెక్కలు రాసే కరణాలకు, రథం తోలడం నేర్పేవాళ్ళకు, బ్రాహ్మణులకు ఇంకో ఉత్తర్వు ఉంది. పాత ఆచారం ప్రకారం తమ శిష్యులకు ఇవన్నీ నేర్పాలని. ఎవరూ లేని అడవిలో ఈ జాబితా ఎవరికి? ఏనుగులు, రథాలు, లెక్కల దస్త్రాలు, వాటిని నేర్చుకునే కుర్రవాళ్ళు ఉన్న వ్యవస్థకు రాసిన ఉత్తర్వు ఇది. ఇదే ఉత్తర్వు పత్తికొండ దగ్గర రాజులమందగిరిలోనూ చెక్కించారు. ఒకే సీమలో రెండు చోట్ల రాయించారంటే పొరపాటున వచ్చి పడిన శాసనం కాదు. పైగా చిన్న శాసనాలతో పాటు పద్నాలుగు పెద్ద శాసనాలూ పూర్తిగా ఉన్నది దక్షిణాదిలో నా దగ్గరే. గుజరాత్‌లోని గిర్నార్ మీద ఉన్న పద్నాలుగు శాసనాలే ఇక్కడికీ వచ్చాయి. అంత పొడుగు పాఠాన్ని మోసుకొచ్చి, బండ వెతికి, చెక్కేవాణ్ణి పెట్టి పని పూర్తి చేయించాలంటే పైనుంచి కింది దాకా ఉద్యోగులు ఉండి తీరాలి.

వాళ్ళు ఇక్కడికే ఎందుకు వచ్చారు? బంగారం కోసం అన్న జవాబుకు ఒక చమత్కారమైన ఆధారం చూపుతారు. మస్కి శాసనాన్ని 1915లో కనిపెట్టిన బీడన్ బంగారం గనుల ఇంజినీరు. 1928-29 ప్రాంతంలో నన్ను గుర్తించిన అను ఘోష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఖనిజాల కోసం తిరిగేవాళ్ళకే శాసనాలు దొరికాయంటే, శాసనాలు ఖనిజాల దగ్గరే ఉన్నాయని కదా అంటారు. ఈ వాదంలో ఒక చిల్లి ఉంది: గనుల మనిషి గనులున్న చోటే తిరుగుతాడు, శాసనం దొరికినా అక్కడే దొరుకుతుంది. కాబట్టి కనిపెట్టినవాళ్ళ వృత్తిని పక్కన పెట్టి నేలనే అడగాలి. జొన్నగిరి చుట్టూ పాతకాలపు తవ్వకాల ఆనవాళ్ళు ఉన్నాయి, ఈమధ్య మళ్ళీ గని పనులు మొదలయ్యాయి. మస్కికి హట్టి బంగారు గనులు దగ్గర. పురాతన గనులను పరిశీలించిన ఆల్చిన్ కూడా ఈ శాసనాలకూ దక్కన్ బంగారానికీ ముడిపెట్టాడు. తొలకరి పడగానే తుగ్గలి, పగిడిరాయి, మద్దికెర చేలల్లో జనం వంగి వెతికే వజ్రాలను మాత్రం ఈ లెక్కలో కలపను. మౌర్యులు వాటికోసం వచ్చారనడానికి నా మీద ఆధారం లేదు.

దీనికి ఎదురు వాదం పండితుడు హ్యారీ ఫాక్‌ది. చిన్న శాసనాలను జనం జాతరలకు చేరే గుట్టల దగ్గర చెక్కించారనీ, గనులతో పని లేదనీ ఆయన ఉద్దేశం. రాజులమందగిరి శాసనం రామలింగేశ్వరుడి గుడి దగ్గరే ఉంది కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేను. అయితే గుడి నేటిది, జాతర నాటిదని అనుకోవాలి, అది ఊహే. ఒకవేళ జాతర ఉన్నా జాతరకు దారి కావాలి, దారికి రాబడి కావాలి. జనం చేరే గుట్ట, బంగారం ఉన్న నేల ఒకేచోట ఉండకూడదని ఎక్కడుంది? నా పద్నాలుగు శాసనాలు మాత్రం జాతరలో వినిపించి పోయే సరుకు కాదు.

చదువురాని జనానికి, అదీ ప్రాకృతంలో, రాత ఎందుకని ఇంకొందరి ప్రశ్న. రాత జనం కోసం కాదు, చాటేవాడి కోసం. భేరి మోగించినవాడు ఊరి భాషలోనే చెప్పి ఉంటాడు. ఆ భాష ఏదో నా మీద లేదు. ఆ చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి. దాన్ని పట్టుకుని బ్రాహ్మీ లిపి పుట్టుక గురించి పండితులు చాలా రాశారు. చదివే జనం కోసమే చెక్కించి ఉంటే ఇంత తికమకను పై అధికారి ఒప్పుకునేవాడా అన్నది నా ప్రశ్న. ఇక ఇది సరిహద్దు కాబట్టే శాసనం వేశారనే మాట. నా మీదే చోళులు, పాండ్యులు, సత్యపుత్రులు, కేరళపుత్రులు పొరుగువాళ్ళుగా కనిపిస్తారు. ఆంధ్రులు రాజు ఏలుబడిలోని వాళ్ళలో ఉన్నారు. పొరుగు నాకు దక్షిణాన మొదలవుతుంది. ఆ పొరుగు జాబితా పడమరగా ఎంత దూరం పోతుందంటే, అందులోని అలికసుదరుడు ఎపిరస్ రాజు అలెగ్జాండరని చాలామంది గుర్తించారు, కోరింత్ రాజని మరికొందరు. గుత్తి దారి పక్క రాతికి అంత దూరం కబురు తెలిసింది.

అంత ముఖ్యమైన నేలే అయితే ఈ మండలాల కూలీలు మిరపకోతలకు గుంటూరు వైపు ఎందుకు వలస పోతారు? ఇది అన్నిటికంటే గట్టి అభ్యంతరం. రాజు కన్ను పడటం వేరు, జనం బాగుపడటం వేరు. ఉద్యోగులు వచ్చారనే నేను చెప్పాను, వానలు వచ్చాయని కాదు. హంద్రీ మద్దికెర పొలాల్లో పుడుతుంది, అయినా ఈ మెట్ట దాహం తీరదు. ఏలేవాళ్ళ కన్ను మాత్రం తర్వాతా పడింది. దత్తమండలాలకు కలెక్టరై ఊరూరా భూమి కొలిపించి శిస్తు కట్టిన మన్రో, తర్వాత మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ 1827లో పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. ఆయన పేరిట అక్కడ తోపు వేసి బావి తవ్వించారు. రజ్జుకులకూ ఆయనకూ మధ్య రెండువేల ఏళ్ళున్నా, ఇద్దరికీ ఈ నేల లెక్క కావలసివచ్చింది.

సువర్ణగిరి తగువు తీరాలంటే నన్ను మళ్ళీ మళ్ళీ చదివి లాభం లేదు. బ్రహ్మగిరిలో 1947లో వీలర్, మస్కిలో 1954లో థాపర్ తవ్వించి పాత ఊళ్ళ పొరలు చూశారు. జొన్నగిరిలోనూ ఆ స్థాయిలో తవ్వాలి. కోట గోడో, మౌర్య కాలపు ముద్రలో, పెద్ద కచేరీ నడిచిన జాడో బయటపడితే జొన్నగిరి పక్షాన నేనే మొదటి సాక్షిని. అవే కనకగిరిలో దొరికితే పట్టణం వాళ్ళది. రజ్జుకులు భేరి మోగించిన ఊళ్ళు అప్పుడూ ఇక్కడివే.